ఋణమా, దానమా?

అప్పు తీర్చుటయు దానమిచ్చుటయు చూచువారి కంటికి ఒక్క తీరుగనే యుండును. రెండింటను ఒక చేయి యిచ్చును, ఒక చేయి పుచ్చుకొనును. చేతులు మారిన రూపాయికి తాను బాకీ క్రింద వచ్చితినో, దయ క్రింద వచ్చితినో తెలియదు. కాని పుచ్చుకొన్నవానికి తెలియును. తనకు రావలసిన సొమ్ము అందుకొన్నవాడు లెక్క చూచుకొని, సరిపోయినదని చెప్పి, తలయెత్తుకొని పోవును. దానము పట్టినవాడు లెక్క చూచుకొనరాదు. తక్కువయినను తక్కువ యనరాదు. రేపు మరల రావచ్చునో రాకూడదో ఇచ్చినవారి ముఖము చూచి గ్రహించుకొనవలయును. సొమ్ము ఒక్కటే, మనుష్యుని స్థితి మాత్రము రెండు విధములు.

ఇట్లుండగా, బాకీదారుడొకడు తలుపు మూసికొని లోపల కూర్చున్నాడనుకొందము. సొమ్ము రావలసినవాని పిల్లలు వీధిలో పస్తుండుట చూచి, పొరుగింటి పుణ్యాత్ముడొకడు వారికి అన్నము పెట్టెను. పొరుగువాడు మంచివాడనుటలో సందేహము లేదు. పిల్లల ఆకలియు తీరినది. కాని ఆ బాకీ యేమైనది? పది దినములు ఇట్లు జరిగిన తరువాత, వారికి పొరుగువాడు పెట్టుచున్నాడు గదా, ఇక నేనిచ్చుటెందులకని బాకీదారుడనినచో, పొరుగువాని పుణ్యము ఎవరి ఖాతాలో జమ పడినట్లు? ఇది కట్టుకథలోని ప్రశ్న కాదు. ప్రభుత్వము బీదలకు చేయుచుండిన సాయమును తగ్గించుకొనినప్పుడు, ఆ లోటును పూరించుటకు ముందునకు వచ్చు స్వచ్ఛంద సేవకులందఱి యెదుటను నిలుచు ప్రశ్న యిదియే. వారి సేవ ధర్మమునకు బలమగునా, అధర్మమునకు చాటగునా? దీనినే ఇచ్చట విచారింపదలచితిమి.

ఈ విచారమునకు మేము ఇంగ్లండు దేశమును ఉదాహరణముగ గైకొనుచున్నాము. పరదేశపు గొడవ మనకేల యని చదువరులు శంకింపవచ్చును. బీదల యిండ్ల విషయమున దయ యెంతవఱకు చాలును, హక్కు ఎచ్చట మొదలగును అను వాదము ఆ దేశమున నూటయేబది యేండ్లకు పైగా జరుగుచున్నది. ఉభయ పక్షములవారును మాటలతోనేగాక కార్యములతో గూడ తమ తమ మతములను పరీక్షించి చూచినారు. ఫలితములు గ్రంథస్థములై యున్నవి. ఒకరి యనుభవమునుండి వేరొకరు నేర్చుకొనలేనిచో చదువు వలన ప్రయోజనమేమి?

1865వ సంవత్సరమున లండను నగరములోని మారిల్‌బోన్ పేటలో ఆక్టేవియా హిల్ అను స్త్రీ, ముప్పదియేండ్లయినను నిండకముందే, మూడు పాడుపడిన యిండ్ల నిర్వహణమును తలకెత్తుకొనెను. వాటికి సొమ్ము పెట్టినవాడు ప్రసిద్ధ రచయితయగు జాన్ రస్కిన్. పెట్టుబడిపై నూటికి 5 వంతుల రాబడి రావలెననియు, అంతకు మించినది ఆ యిండ్ల బాగునకే వ్యయము చేయవలెననియు ఏర్పాటు. ఆమెయు, తరువాత ఆమెచే తరిబీతు పొందిన స్త్రీలును, వారమునకొకసారి గడపగడపకును పోయి అద్దె వసూలు చేయుచు, ఆ నెపముననే కారుచున్న కప్పును, విరిగిన మెట్టును, జబ్బుపడిన బిడ్డను కన్నులార చూచెడివారు. అద్దె విషయమున కఠినులు. మరమ్మతు విషయమున శ్రద్ధావంతులు. ఇంటి యజమానియనగా ముఖమెఱుగని దళారియై యుండిన కాలమున, పేరు పెట్టి పలుకరించు మనుష్యుడొకడు నెలకు నాలుగుమారులు వాకిట నిలుచుటయే గొప్ప మార్పు.

ఆమె మహనీయురాలనుటకు మాకెట్టి సంకోచమును లేదు. ఇంటిని బాగుచేయుటకు ముందు ఇంటిలోనివారిని ఎఱుగవలెనను సూత్రమును ఆమె వలన లోకము నేర్చుకొనినది. కాని ఆమె విశ్వాసము మఱియొక మెట్టు ముందునకు పోయెను. ప్రభుత్వముగాని, పురపాలక సంఘముగాని బీదలకు ఇండ్లు కట్టించుట తగదని ఆమె తుదివఱకు వాదించెను. పరస్పర పరిచయముచే పెరుగు సద్గుణము సర్కారు సొమ్ముచే చెడునని ఆమె భయము. 1912లో ఆమె గతించునప్పటికి ఆమె సంరక్షణమున వేలకొలది జనులుండిరి. లండను నగరమున ఇరుకు గదులలో మ్రగ్గుచుండినవారు లక్షలకొలది. ఆమె మార్గము చెడ్డదికాదు, చాలనిది. ఒక చెలమనీటితో ఊరంతకును దప్పి తీర్పజాలము. అంతమాత్రమున చెలమను నిందింపను రాదు.

ఆ లెక్కను కన్నులార చూచినవారు మఱికొందఱుండిరి. 1884లో లండను తూర్పుభాగమున వైట్‌చాపెల్ పేటలో శామ్యూల్ బార్నెట్, హెన్రియెట్టా బార్నెట్ దంపతులు టాయిన్‌బీ హాలు అను నిలయమును స్థాపించిరి. విశ్వవిద్యాలయములనుండి వచ్చిన యువకులు బీదల నడుమనే కాపురముండి వారికి తోడ్పడవలెనని దాని సంకల్పము. 1903లో విలియం బెవరిడ్జి అచ్చట ఉపాధ్యక్షుడుగా చేరెను. 1905లో క్లెమెంట్ అట్లీ అను యువ న్యాయవాది, ఆ ప్రాంతముననే యున్న స్టెప్నీ పేటలో బీద బాలుర క్లబ్బునకు తోడ్పడుటకు పోయి, ఏండ్ల తరబడి ఆ పేటలోనే నిలిచిపోయెను. ఈ యిరువురును దయతో పోయినవారే. పోయి నేర్చుకొనినదేమి? ఒక బాలునికి చొక్కా తొడిగించినంతలో వాని తండ్రి కూలి పెరుగదని. ఒక రోగికి మందిప్పించినంతలో వాని గోడ చెమ్మ ఆరదని. 1942లో బెవరిడ్జి లేమి, రోగము, అజ్ఞానము, అపరిశుభ్రత, నిరుద్యోగము అను ఐదు రాక్షసులను పేర్కొని, వాటిని ఎదుర్కొనుట రాజ్యము యొక్క విధియని నివేదిక వ్రాసెను. 1945 మొదలు 1951 వఱకు ప్రధానమంత్రిగా నుండిన అట్లీ ఆ విధిని చాలవఱకు శాసనములుగా మార్చెను. సర్కారు అద్దె యిండ్లు లక్షల సంఖ్యలో లేచినవి. ఇంతటి యేర్పాటునకు మూలపురుషుడగు బెవరిడ్జియే 1948లో స్వచ్ఛంద సేవను గూర్చి ప్రత్యేకముగ ఒక గ్రంథము వ్రాసెననుట గమనింపదగినది. రాజ్యము తన విధిని నిర్వహించినను మనుష్యుడు మనుష్యునికి చేయవలసినది మిగిలియే యుండునని ఆయన యెఱుగును. అనగా దయను ఆయన త్రోసివేయలేదు. దయపై మోపరాని బరువును దించెను, అంతియే.

ఇక ఈ శతాబ్దమునకు వత్తము. 2010లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వము, రాజ్యపు అప్పును తగ్గించు నిమిత్తము, వ్యయములను కోయ నారంభించెను. ఆ దేశపు లెక్కల తనిఖీ కార్యాలయము 2018లో ప్రకటించిన అంచనా ప్రకారము, 2010-11 నుండి 2017-18 వఱకు ఇంగ్లండులోని స్థానిక సంఘములకు కేంద్ర ప్రభుత్వమిచ్చు ద్రవ్యము, ధరల పెరుగుదలను తీసివైచి చూచినచో, నూటికి 49 వంతులు తగ్గినది. 2013 ఏప్రిలు నుండి, సర్కారు లేక సంస్థల అద్దె యిండ్లలోనుండి అద్దె సాయము పొందుచున్నవారికి, పింఛను వయస్సు రానివారైనచో, ఒక పడకగది అదనముగ నున్నదని తేలిన యెడల అద్దెలో నూటికి 14 వంతులు, రెండు గదులున్న యెడల 25 వంతులు సాయమున కోత పడెను. వారమునకు 100 పౌనుల అద్దె యైనచో, ఒక గదికి 14 పౌనులు. కూటికి, గ్యాసు పొయ్యికి, పిల్లల చెప్పులకు ఉంచుకొన్నదానిలోనుండియే అది రావలయును. చిన్న యింటికి మారుమనిరి. చిన్న యిండ్లు చాలినన్ని లేవు. ఆ మాసముననే న్యాయ సహాయ శాసనమును గూడ కుదించిరి. అంతకుముందు ప్రభుత్వ వ్యయముతో న్యాయవాది సలహా పొందగలిగిన సంక్షేమ వివాదములలో పెక్కింటికి ఇక ఆ దారి మూయబడినది. సాయమును కోసినదియు, ఆ కోత తప్పని చెప్పుకొను నోటిని మూసినదియు ఒక్క మాసముననే.

అప్పుడు సేవకులు వచ్చిరి. కొందఱు అంతకుముందునుండియే యుండినవారు; రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటను యుద్ధము ప్రకటించిన మఱునాడు, అనగా 1939 సెప్టెంబరు 4వ తేదీన పుట్టిన పౌరుల సలహా కార్యాలయములు అట్టివి. కొందఱు గుడులనుండి, మసీదులనుండి, బడులనుండి వచ్చిరి. పెక్కుమంది ఆ పేటలవారే. వారు చేయు పని పత్రికలకెక్కునది కాదు. వారమునకొక మధ్యాహ్నము, పేటలోని సభాగృహమున ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక తేనీటి పాత్ర. ఒకతె విప్పని లకోటాలను సంచిలో వేసికొని వచ్చును. విప్పినచో ఏమి యుండునో యను భయముచే నెలల తరబడి విప్పలేదు. సేవకుడు ఒక్కొక్కదానిని విప్పి చదివి, ఇది బెదిరింపు కాదు, ఇది గడువు, ఇది మాత్రము రేపే జవాబు వ్రాయవలసినది అని వేఱుచేయును. మఱియొకడు అంగవైకల్యపు భృతికై అర్జీ తెచ్చును. ఆ కాగితములు దాదాపు నలువది పుటలు. నీవెంత దూరము నడువగలవు, వంట చేసికొనగలవా, స్నానమునకు ఒకరి సాయము కావలయునా యని ప్రశ్నలు. అభిమానవంతుడగు రోగి సిగ్గుచే అన్నిటికిని చేయగలననియే వ్రాయబోవును. నీకు బాగుగా నున్న దినమును గాదు, బాగులేని దినమును గూడ ఉన్నదున్నట్లు వ్రాయుమని సేవకుడు చెప్పవలసి వచ్చును. ఇంకొకతె కప్పు కారుచున్నదని పదిమారులు చెప్పినది. ఏ తేదీన చెప్పినదో వ్రాసికొనలేదు. ఆ తేదీలు వ్రాసియుంచుట సేవకుడు నేర్పును.

ఆకలి తీర్చు శాలల కథ మఱింత తెలిసినదే. ఫుడ్ బ్యాంకులను పేర నడచు వీటిలో పెద్ద సమూహమగు ట్రస్సెల్ ట్రస్టు, 2010-11లో మూడు దినములకు సరిపడు తిండిని 61 వేల పైచిలుకు మందికి ఇచ్చెను. 2018-19లో అట్టి మూటలు దాదాపు 16 లక్షలు. శాలల సంఖ్య పెరుగుటయు ఈ పెరుగుదలకు ఒక కారణమే. కాని పుచ్చుకొనువారు లేక శాలలు పెరుగవు. క్రొత్త పద్ధతి ప్రకారము భృతికి దరఖాస్తు చేసినవారికి మొదటి చెల్లింపు చేతికందుటకు అయిదు వారములు పట్టుననిన, ఆ మూటలెవరికి కావలసి వచ్చినవో ఊహింపవచ్చును.

ఈ సేవను ఇద్దఱు రెండు దిక్కులనుండి తప్పుపట్టుదురు. మొదటివాడు చెప్పునదిట్లు: “మీరు పుండును కప్పుచున్నారు. మీరే లేకున్నచో కోతల క్రౌర్యము పదిమంది కంటను పడి, ప్రభుత్వము సిగ్గుపడి వెనుకకు తగ్గియుండెడిది.” ఈ మాటలో సత్యము లేకపోలేదు. రోచ్‌డేల్ పట్టణమున జరిగిన ఒక విషాదము ఇందులకు గుర్తు. గోడలకు చెమ్మచే బూజు పట్టినదని 2017లో ఒక అద్దెదారుడు మొఱపెట్టుకొనగా, దానిపై రంగు పూసికొమ్మని సలహా వచ్చెను. బూజు రంగు క్రిందినుండి మరల పెరిగెను. 2020 డిసెంబరులో అతని రెండేండ్ల బిడ్డ మరణించెను. ఆ మరణమునకు బూజే కారణమని 2022లో విచారణాధికారి నిర్ణయించెను. ఇట్టి ప్రమాదములకు గడువులోపల మరమ్మతు చేయవలెనని 2023లో శాసనమయ్యెను. అది 2025 అక్టోబరునుండి అమలునకు వచ్చెను. దయ రంగు పూతయైనచో దోషమే. గోడలోని చెమ్మ గోడలోనేయుండి, పైకి మాత్రము తెల్లగా కనబడునట్లు చేయు సేవ, సేవించబడువానికి అపకారము.

అయినను మొదటివాని సిద్ధాంతమును మేమంగీకరింపజాలము. ఆకలిగొన్న బిడ్డను ప్రభుత్వమునకు సిగ్గు కలుగువఱకు ఆకలితో నుంచుమనుట, ఆ బిడ్డను వాదములో ఒక సాధనముగ వాడుకొనుట. బిడ్డ సాధనము కాదు. మఱియు కష్టము కనబడినంతనే పాలకులు సిగ్గుపడుదురను నమ్మకమునకు చరిత్రలో ఆధారము తక్కువ. 1834లో క్రొత్త దరిద్రశాసనము వచ్చినపుడు, నిరుపేదల శాలలోని బ్రదుకు, వెలుపల కూలివాని హీనమైన బ్రదుకుకంటెను హీనముగ నుండవలెనని సూత్రము చేసికొనిరి. ఆ కష్టము ఏండ్లకొలది అందఱకును కనబడుచునే యుండెను. చూచుట వేఱు, బాధ్యతయని తలచుట వేఱు.

రెండవవాడు అటువైపునుండి వచ్చును. “రాజ్యమిచ్చునది ప్రాణములేని సొమ్ము, పొరుగువాడిచ్చునది ప్రేమ. రాజ్యము తగ్గినకొలది ప్రేమ పెరుగును. కావున కోత మేలే.” 2010లో ఆ దేశపు ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ మహాసమాజమను పేర ప్రచారము చేసిన భావమునకు ఈ వాదము దగ్గఱ చుట్టము. ఇందును కొంత నిజమున్నది. గుమాస్తా కిటికీయందు దొరకని ఓర్పు సేవకుని బల్లవద్ద దొరకును. కాని మూడు చిక్కులున్నవి. తీరికయు విద్యయు గలవారు ఎక్కువగానుండు పేటలును, కష్టము ఎక్కువగానుండు పేటలును సాధారణముగ ఒక్కటి గావు; దయ దానంతట అది పల్లమెఱిగి పాఱు నీరు కాదు. రెండవది, సేవకుడు నేడు వచ్చును, రేపు అలసిపోవును. అతనిని జవాబు అడుగుటకు ఎవరికిని అధికారము లేదు, ఉండరాదు. మూడవది ముఖ్యమైనది. తన యింటి కప్పు కారకుండుటకు ప్రతి దినమును ఎవరికో ఒకరికి కృతజ్ఞుడై యుండవలసిన మనుష్యుడు స్వతంత్రుడు కాడు. కృతజ్ఞత అప్పుడప్పుడు పూచిననే అందము. దానినే అద్దెగా నెలనెలకును చెల్లింపుమనుట క్రూరము.

ఇంతవఱకు వచ్చి, మన ప్రాచీనుల మాటయొకటి స్మరించుకొందము. మనుష్యుడు ఋణములతో పుట్టునని మనవారు చెప్పుదురు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడును ప్రసిద్ధములు. శతపథ బ్రాహ్మణమున వీటితోపాటు నాలుగవదియు చెప్పబడినది, అది మనుష్యఋణము. దానిని తీర్చుకొను విధమేమనిన, మనుష్యులకు వసతి నొసగుటయు, భోజన మిడుటయు. చదువరులు దీనిని గమనింపవలయును. ఇల్లును కూడును ఇచ్చుటను ఆ గ్రంథము దానములలో లెక్కింపలేదు, ఋణములలో లెక్కించినది. అర్థశాస్త్రకర్తయు బాలురను, వృద్ధులను, ఆపన్నులను, అనాథులను పోషించుట రాజునకు విధియని చెప్పెనే గాని, దయగల రాజు చేయు పుణ్యమని చెప్పలేదు. కావున బీదల వసతి సమాజము తీర్పవలసిన బాకీయనుట పశ్చిమమునుండి దిగిన క్రొత్త మాటగా మనకు తోచనక్కఱలేదు.

ఇది బాకీయైనచో, సేవకుని ధర్మము తేలిపోవుచున్నది. అతడు అన్నము పెట్టవలయును, పెట్టుచు, ఇది నా దానము కాదు, నీకు రావలసినది రాకపోవుటచే తాత్కాలికముగ నేనిచ్చుచున్నానని తాను తలచవలయును, ఎదుటివానికి తెలియజేయవలయును, బాకీదారునికి వినబడునట్లు చెప్పవలయును. ఒక్క మాటలో, అతడు దాతయగుటకంటె సాక్షియగుట ముఖ్యము.

సాక్షి చేయవలసిన పనులలో మొదటిది, బాకీని బాకీగానే రాబట్టుటకు తోడ్పడుట. పైన చెప్పిన అంగవైకల్యపు భృతి విషయమున, అధికారుల నిరాకరణముపై ట్రిబ్యునలు వఱకు పోయి తీర్పు పొందిన వివాదములలో, అనేక సంవత్సరములు వరుసగా, సగమునకు మించినవి అర్జీదారుల పక్షముననే తీర్పు చెందినవి. దీని అర్థమేమి? వారడిగినది దయ కాదు. శాసన ప్రకారము వారిదే. వారితో కూడ ట్రిబ్యునలు మెట్లెక్కిన సేవకుడు, వారికి జీవితకాలము బియ్యమిచ్చినవానికంటె మేలు చేసినవాడు. రెండవది, లెక్క వ్రాయుట. ఎందఱు వచ్చిరి, ఏ కారణమున వచ్చిరి, ఏ ఉత్తరువు వలన వారికి తిండి లేకపోయినది అని వ్రాయని ధర్మశాల కుండలు కడిగి మూసికొనును. వ్రాసినది శాసనసభలో ప్రశ్నయగును. మూడవది, నివాసుల వెనుక నిలుచుటే గాని ముందు నిలువకుండుట. 1915లో గ్లాస్గో నగరమున, మగవారు యుద్ధమునకు పోయియుండగా అద్దెలు పెంచిన యజమానులకు, మేరీ బార్బర్ మొదలగు స్త్రీలు పెంచిన అద్దె చెల్లింపక ఎదురు నిలిచిరి. ఆ యేడే ప్రభుత్వము అద్దెలను కట్టడిచేయు శాసనము చేసెను. వారి తరఫున దయగల పెద్దలెవరో మాటలాడినందున గాదు, వారే మాటలాడినందున.

ఈ మూడవ ధర్మమును విస్మరించినచో ఏమగునో గ్రెన్‌ఫెల్ సౌధము చెప్పుచున్నది. అది పడమటి లండనులో, ధనికుల నిలయమని పేరొందిన కెన్సింగ్టన్ సంఘము పరిధిలో, 24 అంతస్తుల సర్కారు అద్దె యిండ్ల గోపురము. అగ్నిభయమును గూర్చి అచ్చటి నివాసులలో కొందఱు పలుమారులు హెచ్చరించిరి. ఘోరమైన ఉపద్రవము జరిగిననే గాని తమ మాట వినబడదేమోయని 2016 నవంబరులో బహిరంగముగ వ్రాసిరి. వారు తగవులమారులుగా నెంచబడిరి. 2017 జూన్ 14వ తేదీ వేకువకు ముందు మంటలు లేచినవి. క్రొత్తగా తొడిగిన వెలుపలి పలకలవెంట గోపురమంతట ప్రాకినవి. 72 మంది మరణించిరి. తెల్లవాఱునప్పటికి చుట్టుప్రక్కల చర్చీలు, మసీదు, క్లబ్బులు తలుపులు తెఱచియుండినవి. దుప్పట్లు, నీరు, అన్నము, తప్పిపోయినవారి జాబితాలు, ఏడ్చువారిప్రక్క కూర్చుండువారు, అన్నియు పొరుగువారివలననే. బాధ్యతగల స్థానిక సంఘము తడబడెను, ఆలస్యము చేసెను. న్యాయమూర్తి మార్టిన్ మూర్-బిక్ విచారణసంఘము 2024 సెప్టెంబరులో ప్రకటించిన నివేదికలో ఈ తడబాటును, స్థానిక స్వచ్ఛంద బృందముల సేవను గూడ నమోదు చేసినది. ఆ మరణములన్నియు తప్పింపదగినవే యనియు నిర్ణయించినది.

ఆ నాటి ఉదయము సేవ యెంత గొప్పదో, ఎంత చాలనిదో రెండును ఒక్క చోటనే కనబడినవి. ఆ దుప్పటి కప్పిన చేతులకు నమస్కరింతము. కాని ఆ నివాసులు వ్రాసిన లేఖను ముందే చదివి, నిర్లక్ష్యము చేయరాదని పట్టుబట్టియుండినచో, దుప్పట్లతో పని యుండెడిది కాదు. వెయ్యి దుప్పట్లు ఒక్క లేఖకు సరిగావు.

సేవలోనికి రాజకీయములను తేరాదని కొందఱందురు. ఒక కక్షి తరఫున వోట్లు అడుగుట సేవకునికి తగదనుట నిజము. ఈ కప్పు ఎందులకు కారుచున్నదని అడుగుట కక్షి రాజకీయము కాదు. అది వైద్యుడు రోగకారణము నడుగుట వంటిది. ఖజానాలో సొమ్ము లేనప్పుడు ఏ ప్రభుత్వమైనను ఏమి చేయగలదని మఱికొందఱందురు. ఇది గౌరవింపదగిన ప్రశ్న. సొమ్ము తక్కువైన యిల్లాలు ఖర్చు తగ్గింపవలసినదే. కాని ముందుగా పిల్లల పాలు తగ్గించునా, పెద్దల తాంబూలము తగ్గించునా యనుటలో ఆమె ధర్మము తెలియును. పడకగది కోతను ఇంగ్లండు అమలు జరుపుచుండగనే, స్కాట్లండు ప్రభుత్వము ఆ నష్టమును తన ద్రవ్యముతో పూరించెను. ఒకే రాజ్యమున, ఒకే కాలమున, రెండు నిర్ణయములు! కావున కోత విధివిలాసము కాదు, మనుష్యులు ఎంచుకొనినది. ఎంచుకొనినదానికి ఎంచుకొనినవారిని జవాబడుగవచ్చును.

ఈ విచారమున మన గృహములకును కొంత పాఠమున్నది. మన యింట పనిచేయువారి కూలిని నెలల తరబడి పెంచక, పండుగనాడొక చీర పెట్టి, ఎంత దయగలవారమని సంతసించుట మనలో లేదా? చీర మంచిదే. కూలి పెంచుట బాకీ. బాకీ తీర్చిన తరువాత పెట్టిన చీర దానము. తీర్పక పెట్టిన చీర బాకీపై కప్పిన గుడ్డ.

ట్రస్సెల్ సంస్థవారు, తమ శాలల అవసరమే లేని కాలము రావలెనని తమ లక్ష్యముగ చెప్పుకొనుచున్నారు. తన అంగడి మూతపడవలెనని కోరుకొను వర్తకుడుండడు; అట్లు కోరుకొను సేవకుడు మాత్రము సత్యమైన సేవకుడు. ఆ కాలము వచ్చువఱకు బల్లవద్ద కూర్చుండి లకోటాలు విప్పువారు ఉండవలసినదే. వారు విప్పిన ప్రతి లకోటాలో ఏమున్నదో పదిమందికిని చెప్పుట వారి ధర్మమైనచో, విని ఊరకుండకపోవుట మన ధర్మము.